పసిఫిక్ తీరపు ఎర్రపూల చెట్లు

పసిఫిక్ దీవుల్లో సముద్రపు ఒడ్డు రాతి మీద, చల్లారిన లావా మీద వేళ్లూని ఎర్రగా పూసే సతతహరిత వృక్షాలు మెట్రోసిడెరోస్ ప్రజాతికి చెందినవి. నర్సీపట్నం చుట్టుపక్కల ఊళ్లలో కనిపించే నేరేడు, జామ, జామాయిల్ చెట్లదీ వీటిదీ ఒకే కుటుంబం. చుట్టరికం పువ్వులోనే తెలిసిపోతుంది. నేరేడు పూతను దగ్గరగా చూస్తే రేకులు ఎప్పుడో రాలిపోయి, తెల్లటి కేసరాలు మాత్రమే కుచ్చుగా నిలిచి ఉంటాయి. పసిఫిక్ చెట్లలోనూ ఆ ఎరుపంతా కేసరాలదే.

వీటి గింజలు నలుసంత ఉంటాయి. గాలికి ఎగిరి ఫిజీ, సమోవా, తహితీ, హవాయి దీవులకు చేరి, వేర్వేరు జాతులుగా మారాయి. ఫిజీలో ఈ చెట్టును వూంగా అంటారు.

అన్నింటిలోకీ చరిత్ర ఎక్కువగా ఉన్నది న్యూజిలాండ్ పొహుతుకావాకు. ఉత్తర దీవి పైసగంలో, కొండచరియల అంచున, ఉప్పుగాలికి ఎదురొడ్డి పెరుగుతుంది. ఆకు అడుగున తెల్లటి నూగు ఉంటుంది. కొమ్మల నుంచి ఊడలు దిగుతాయి. ఆక్లాండ్ ఎదుట సుమారు 600 ఏళ్ల కిందట అగ్నిపర్వతం పేలి పుట్టిన రాంగితోతో దీవిలో మట్టి దాదాపు లేదు. అలాంటి నల్లరాతి మీద ఈ చెట్లు పెద్ద అడవిగా పెరిగాయి.

న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీలకు ఇది పూజ్యమైన చెట్టు. వారి పూర్వీకులను తెచ్చిన తె అరావా పడవ ఒడ్డుకు చేరే వేళ, తౌనినిహి అనే నాయకుడు తీరమంతా ఎర్రగా ఉండటం చూసి, ఇక్కడ ఎర్ర ఈకలకు కొదవ లేదనుకుని తన ఈకల కిరీటాన్ని నీళ్లలోకి విసిరేశాడని కథ. తీరా వెళ్లి పట్టుకుంటే అవి పువ్వులు, చేతిలోనే రాలిపోయాయి. కొట్టుకొచ్చిన కిరీటం మహినా అనే అతనికి దొరికింది. అడిగినా తిరిగి ఇవ్వలేదు. ఉత్తరపు కొసన, రెయింగా అగ్రం దగ్గర రాతిని పట్టుకుని ఉన్న ఒంటరి పొహుతుకావా వేళ్ల మీదుగానే చనిపోయినవారి ఆత్మలు సముద్రంలోకి దిగి పూర్వీకుల దేశానికి వెళతాయని నమ్మకం. లోపలి బెరడు కషాయం విరేచనాలకు మందు.

ఐరోపావారు వచ్చాక చెట్టుకు కష్టకాలం మొదలైంది. వంపు తిరిగిన గట్టి కలప ఓడల పక్కటెముకలకు అతికినట్టు సరిపోయేది. ఓడ చెక్కను తొలిచే పురుగును కూడా తట్టుకునేది. పశువుల మేత కోసం తీరాలను తగలబెట్టారు. డిసెంబరు అక్కడ ఎండాకాలం, పొహుతుకావా పూతకాలం. అందుకని వలసవచ్చినవారు ఆ కొమ్మలతోనే క్రిస్మస్ అలంకరణ చేసుకున్నారు. ఒక పక్క పండుగ చెట్టుగా చేసుకుంటూ, మరో పక్క దాన్నే నరికారు.

గొడ్డలితో పాటు పోసమ్ వల్లా నష్టం జరిగింది. బొచ్చు వ్యాపారం కోసం 1837లో ఆస్ట్రేలియా నుంచి తెచ్చిన ఈ జంతువు రాత్రంతా లేతాకు మేస్తుంది. ఆకు పోయిన చెట్టు మళ్లీ చిగిర్చేలోపే మళ్లీ మేస్తుంది. తీరం వెంట ఉన్న పొహుతుకావా వనాల్లో 90 శాతానికి పైగా పోయాయని 1989 సర్వే తేల్చింది. మరుసటి ఏడాదే ప్రాజెక్ట్ క్రిమ్సన్ పేరిట ఉద్యమం మొదలై, ఊరూరా జనం మొక్కలు నాటారు. 1990ల్లో రాంగితోతో నుంచి పోసమ్‌లను పూర్తిగా ఏరివేశారు, చెట్లు తేరుకున్నాయి.

2017లో తుప్పు తెగులు న్యూజిలాండ్ చేరింది. లేతాకు మీద పసుపు రంగు పొడి మచ్చలు వేసే ఈ బూజును మొదట 19వ శతాబ్దిలో బ్రెజిల్ జామ చెట్ల మీద గుర్తించారు. హవాయికి అది 2005లోనే వచ్చింది. అక్కడి జాతి ఓహియా. తనను కాదన్న ఓహియా అనే యువకుణ్ణి అగ్నిదేవత పెలే చెట్టుగా మార్చిందని, దేవతలు జాలిపడి అతని ప్రియురాలు లెహువాను ఆ చెట్టుకే పువ్వుగా చేశారని, ఆ పువ్వు కోస్తే వాన పడుతుందని అక్కడివారు చెబుతారు. ఈ చెట్టును నిలువునా ఎండబెడుతున్న మరో బూజును 2014లో గుర్తించారు. గాయం నుంచి లోపలికి చేరి నీరు ఎక్కే నాళాలను మూసేస్తుంది. అందుకే ఇప్పుడు అడవిలోకి వెళ్లేవారు చెప్పులకు అంటిన మట్టి దులిపి స్పిరిట్ చల్లుకుంటారు. హవాయి సంప్రదాయ హులా నాట్యానికి లెహువా మాలలు వాడవద్దని నాట్య బృందాలను కోరారు.