తాళం వేసిన ఇంటి ఓట్లు

2024 మే 13, సోమవారం. బెంగళూరు నుంచి రాత్రంతా కూర్చొని వచ్చిన నలుగురిలో ముగ్గురు పొద్దున్నే ఆలూరు మండలంలోని తమ పల్లెలో దిగారు. తండ్రి, తల్లి, మొదటిసారి ఓటు వేయబోతున్న కొడుకు. నాలుగో మనిషి పక్క ఊరివాడు, వాళ్లతోపాటే సెంట్రింగ్ పని చేస్తాడు. అవ్వ ముందురోజే ఆదోనిలో కూతురి ఇంటి నుంచి వచ్చి, తాళం తీసి, వాకిలి చల్లి ఉంచింది.

ఇందులో ఎవరి పేరూ రాయడం లేదు. ఇదంతా ఒక్క ఇంట్లోనే జరిగిందనీ చెప్పను. కర్నూలు జిల్లా పడమటి పల్లెల నుంచి సుగ్గికి (కోతల కాలపు కూలికి) గుంటూరు మిరప తోటలకూ, కట్టడం పనులకు బెంగళూరుకూ పోయే ఇళ్లకు ఓటు రోజు ఎదురయ్యే సంగతులను ఒక ఇంటి కథగా కూర్చాను.

"అవ్వా, మన ఓటరు స్లిప్పులు యాడున్నాయి?" అన్నాడు మనవడు.

"ఇంటికి తాళం ఉన్యాదని ఎవురూ ఇయ్యలేదంట నాయనా. బడికాడ అడగమన్యారు."

బడి దగ్గర అప్పటికే రెండు వరుసలు. ఏడింటికి మొదలైన పోలింగ్ మెల్లగా సాగుతోంది. ఎండ ముదిరేసరికి తండ్రి లోపలికి చేరాడు. మొదటి టేబుల్ దగ్గరి ఉద్యోగి వరుస సంఖ్య చూసి, పేరు గట్టిగా చదివి, పక్కనున్న ఇంకో జాబితా తిరగేసి ఆగిపోయాడు. ఆ ఇంటి నాలుగు పేర్లూ అందులో ఉన్నాయి.

ఆ జాబితాను ఏఎస్‌డీ అంటారు. స్లిప్పులు పంచేటప్పుడు ఇంట్లో లేనివాళ్లు, వేరే చోటికి వెళ్లిపోయినవాళ్లు, చనిపోయినవాళ్లు అందరినీ కలిపి తయారుచేసేది. దొంగ ఓట్లు పడకుండా అది అవసరమే, కాదనను. కానీ వలస పోయే పల్లెలో తాళం లేని ఇల్లు ఎక్కడుంటుంది?

"ఈయప్ప ఊర్లో ఉండడు సార్" అన్నాడు బెంచీ మీద కూర్చున్న పార్టీ ఏజెంటు ఒకడు.

"పుట్టింది ఈడ, ఇల్లు ఈడ. కూలికి పోతే ఊరు కాకుండా పోతుందా?" తండ్రి గొంతు వణికింది.

ప్రిసైడింగ్ అధికారి నెమ్మదిగల మనిషి. "పెద్దాయనా, ఓటు లేదని ఎవరూ అనడం లేదు. గుర్తింపు కార్డు చూపించు, నేనే చూస్తాను" అన్నాడు. నిబంధన కూడా అదే. ఆ జాబితాలో ఉన్నా అసలు ఓటరు వస్తే వెనక్కి పంపకూడదు. కార్డు సరిచూసి, రిజిస్టర్‌లో సంతకంతోపాటు వేలిముద్ర కూడా తీసుకుని ఓటు వేయనివ్వాలి. తండ్రి కార్డు తీశాడు. కొడుకు దగ్గరా ఉంది. అవ్వ ఆధార్ చూపించింది.

తల్లి ఓటరు కార్డు మాత్రం బెంగళూరు షెడ్డులో ఉండిపోయింది. ఆమె ఏమీ మాట్లాడకుండా కొంగు సర్దుకుని వరుసలోంచి పక్కకు జరిగింది. అలా నోరు తెరవకుండా ఇంటికి వెళ్లిపోయినవాళ్లు ఎందరో!

"అమ్మా, పెట్టెలో ఉపాధి కార్డు ఉంది కదా, ఫొటో ఉన్నది!" అంటూ కొడుకు పరుగెత్తాడు. ఉపాధి హామీ జాబ్ కార్డు ఎన్నికల సంఘం ఒప్పుకునే గుర్తింపు పత్రాల్లో ఒకటి. ఏ పనులు చాలక ఈ కుటుంబం ఊరు విడిచిందో, ఆ పనుల కార్డే ఆమెను లోపలికి తీసుకెళ్లింది.

ఎడమ చూపుడు వేలికి సిరా. పార్లమెంటుకు తెల్ల కాగితమున్న యంత్రం, అసెంబ్లీకి గులాబీ కాగితమున్నది. నీలం బటన్ నొక్కితే పక్క పెట్టె అద్దంలో చీటీ ఏడు సెకన్లు కనిపించి కింద పడుతుంది. కొడుకు ఆ ఏడు సెకన్లూ రెప్ప వేయకుండా చూశాడు.

బయటికొచ్చాక అవ్వ కోపం ఆపుకోలేకపోయింది. "సచ్చినోళ్ల పక్కన మా పేర్లు రాస్తారా? బతకనీకి పోయినోళ్లం కదా మేము!"

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఈ పోవడం ఇక్కడ కొత్తదీ కాదు. ఆలూరు తాలూకా 1953 దాకా బళ్లారి జిల్లాలోది. ఆ ఏడాది అక్టోబరు 1న ఆదోని, రాయదుర్గంతో కలిసి ఆంధ్రలో చేరింది. రాష్ట్రం మారినా బతుకుతెరువు కన్నడ సీమకు పోవడం ఆగలేదు. అలా పోయినవాళ్లకు పోలింగ్ రోజున కూలి కోత లేని సెలవు ఇవ్వాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 135బి సెక్షన్ చెబుతోంది, దినకూలీలకు కూడా. మేస్త్రీ కింద పనిచేసేవాళ్లకు ఆ సంగతి చెప్పేదెవరు? ఈ ఇంటికి ప్రయాణంతో కలిపి మూడు రోజుల కూలి పోయింది. ఈ తిప్పలు తప్పేలా, ఉన్నచోటి నుంచే సొంత నియోజకవర్గానికి ఓటు వేసే యంత్రాన్ని ఎన్నికల సంఘం 2023 జనవరిలో పార్టీల ముందు పెట్టింది. ఒక్క యంత్రంతో 72 నియోజకవర్గాల ఓట్లు తీసుకోవచ్చన్నారు. పార్టీలు అభ్యంతరాలు చెప్పాయి, 2024లో అది రాలేదు.

జూన్ 4న లెక్కింపు జరిగింది. ఆలూరు అసెంబ్లీ స్థానంలో గెలుపు తేడా 2,831 ఓట్లు. ఆరు మండలాల నియోజకవర్గంలో అది ఎంత చిన్న అంకో, వలస పోయిన ఇళ్లు ఎన్నో ఇక్కడివాళ్లకు తెలుసు.

కాబట్టి సుగ్గికి పోయే అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ ఒక విన్నపం. పోయేముందు జాబితాలో మీ పేరు చూసుకోండి, బూత్ స్థాయి అధికారికి మీ ఫోన్ నంబరు ఇచ్చిపొండి. ఓటరు కార్డో ఉపాధి కార్డో వెంట ఉంచుకోండి. స్లిప్పు రాలేదని, జాబితాలో గుర్తు పెట్టారని వెనుదిరగవద్దు. అనుమానముంటే 1950కి ఫోన్ చేసి అడగండి. చదువుకున్న పిల్లలు ఇంట్లో ఉంటే ఈ పని వాళ్లకు అప్పజెప్పండి.