లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిలు మరమ్మతులు

లీ-ఎన్‌ఫీల్డ్ బ్రిటిషు సైన్యం 1895లో స్వీకరించిన బోల్ట్ రైఫిలు. రూపకర్త జేమ్స్ పారిస్ లీ పేరు, ఇంగ్లండులోని ఎన్‌ఫీల్డ్ ఆయుధ కర్మాగారం పేరు కలిసి దీనికి ఈ పేరు వచ్చింది. క్యాలిబరు .303 అంగుళాలు. మ్యాగజైనులో 10 తూటాలు పడతాయి. బెంగాలులోని ఇషాపూర్ కర్మాగారంలో కూడా తయారైంది. భారతదేశంలో పోలీసులు దశాబ్దాలపాటు వాడినందున "త్రీ నాట్ త్రీ"గా ప్రసిద్ధి చెందింది. బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియా వంటి దేశాలలో పాత రైఫిళ్ళను సేకర్తలు, గురికాండ్రు కాపాడుకుంటున్నారు. డబ్బు పరిమితంగా ఉన్నపుడు మరమ్మతులను ఈ క్రింది వరుసలో చేపట్టడం మేలు.

మొదటిది: భద్రత

తూటా లేదని నిర్ధారించుకున్న తరువాతనే పరీక్ష మొదలుపెట్టాలి. గొట్టంలో అడ్డంకి, బోల్ట్ చెవులలో పగుళ్ళు, సేఫ్టీ మీట పనితీరు చూడాలి. బోల్ట్ పిడిపైనా, రైఫిలుపైనా ఉన్న సంఖ్యలు ఒకటే కావాలి. వేరైతే బోల్ట్ మార్చి ఉంటారు. బోల్ట్ ముఖానికి, తూటా అంచు ఆనే చోటుకు మధ్య ఎడమే హెడ్‌స్పేస్. ఇది మితిమీరితే తూటా తొడుగు చిట్లి, వేడి వాయువులు కాల్చేవారివైపు చిమ్మవచ్చు. దీనిని గేజితో నిపుణుడు కొలవాలి. నెం.4 రకంలో 0 నుండి 3 వరకు కొలతల బోల్ట్ తలలు ఉన్నందున ఈ లోపాన్ని తరచు తక్కువ ఖర్చుతో సరిదిద్దవచ్చు.

రెండవది: గొట్టం

పాత సైనిక తూటాల రంజకంలోని పొటాషియం క్లోరేటు, కాలిన తరువాత లవణంగా మిగిలి, తేమను పీల్చి తుప్పు పట్టిస్తుంది. నూనె ఈ లవణాన్ని కరిగించదు, వేడినీరు కరిగిస్తుంది. కడిగిన పిమ్మట ఆరబెట్టి నూనె పూయాలి. శుభ్రపరచక మునుపే గొట్టం పాడైందని తీర్మానించరాదు. లోపలి గాడులు నిజంగా అరిగిపోతే క్రొత్త గొట్టం వెల రైఫిలు వెలనే మించవచ్చు. అప్పుడు దానిని ప్రదర్శనకే ఉంచడం ఉచితం.

మూడవది: కర్ర భాగం

ముందరి కర్ర కుంచించుకున్నా, మరలు వదులైనా గురి తప్పుతుంది. కనుక గొట్టం మార్చే ముందు వీటిని చూడాలి. కర్రకు అవిసె నూనె పట్టించవచ్చు.

చివరిది: మెరుగు

లోహానికి సానపట్టి క్రొత్త రంగు వేయిస్తే ముద్రలు చెరిగి చారిత్రక విలువ తగ్గుతుంది. దీనిని మానుకుంటే ఖర్చూ మిగులుతుంది.

చట్టం

భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం వ్యాపారంగా తుపాకుల మరమ్మతు చేయడానికి లైసెన్సు తప్పనిసరి.