కొండదారిలో చేతికర్ర

కొండ యెక్కుట కష్టమా, దిగుట కష్టమా అని అడిగినచో, పెక్కుమంది ఎక్కుటయే కష్టమని చెప్పుదురు. ఎక్కునప్పుడు ఆయాసము కలుగును, చెమట పట్టును, గుండె వేగముగా కొట్టుకొనును. ఆ కష్టము వెంటనే తెలియును. దిగునప్పటి కష్టము అట్లు తెలియదు. అది మోకాళ్ళలో మెల్లమెల్లగా చేరి, మరునాటి ఉదయము మంచము దిగునప్పుడు బయటపడును. కొండలలో బ్రదుకు జనులు ఈ సంగతిని అనుభవముచేత గ్రహించి, కాళ్ళకు తోడుగా చేతికొక కర్ర నిచ్చిరి. ఆ కర్ర కాలక్రమమున ఎట్లు మారినదో తెలిసికొన్నచో, నేడు అంగళ్ళలో దొరకు తేలికపాటి ట్రెక్కింగ్ కర్రలలో మనకు తగినది ఏదో, దానిని ఎట్లు వాడవలెనో సులభముగా బోధపడును.

మన పల్లెలలో కర్రల పేర్లకు కొదువ లేదు. ముసలివారికి ఊతకర్ర, షికారు పోవువారికి చేపాటికర్ర, ఎడ్లను తోలువారికి ములుకోల. ఒక్కొక్కటి ఒక్కొక్క పనికి పుట్టినది. రోకలికి వేసినట్లు కర్ర అడుగున ఇనుప పొన్ను వేసినచో త్వరగా అరగదనియు, ములుకు దిగగొట్టినచో నేలను పట్టుకొనుననియు మన కమ్మరి వడ్రంగులకు తెలిసినదే. ఇదే ఉపాయము ఐరోపా ఖండమునందలి ఆల్ప్స్ పర్వతములలో, మంచుపై నడువవలసిన కాపరులకు ప్రాణాధారమైనది. వారి కర్ర మనిషికంటె పొడవు. అడుగున వాడియైన ఇనుప మొన. జర్మను భాషలో దానికి ఆల్పెన్‌స్టాక్ అని పేరు. ఆల్ప్స్ కర్ర అని అర్థము. జ్యూరిక్ నగర పండితుడు యోసియాస్ సిమ్లర్ 1574లో ఆల్ప్స్ పర్వతములను గూర్చి లాటిను భాషలో రచించిన గ్రంథమున, మంచుదారుల నడచువారు వాడు ఇనుపమొన కర్రలను, పాదములకు కట్టుకొను ఇనుప ముండ్లను, నడుములకు కట్టుకొను త్రాళ్ళను వర్ణించియున్నాడు.

ఈ కర్ర చరిత్రలో మరువరాని దినము 1786వ సంవత్సరము ఆగస్టు 8వ తేదీ. ఆ సాయంకాలము షామొనీ గ్రామమునకు చెందిన వైద్యుడు మిషెల్ గాబ్రియెల్ పక్కార్, స్ఫటికములను ఏరి జీవించు జాక్ బల్మా అను ఇరువురు, సుమారు 4,800 మీటర్ల ఎత్తుగల మోఁబ్లాఁ శిఖరమును మొట్టమొదట అధిరోహించిరి. వారియొద్ద త్రాడు లేదు, మంచుగొడ్డలియు లేదు. ఉన్నవి పొడవైన కర్రలు మాత్రమే. హిమానీనదములపై లోతైన పగుళ్ళుండును. వాటిని పలుచని మంచు కప్పియుండును. అట్టి చోట్ల వారు కర్రలను అడ్డముగా పరచి, శరీరభారమును వాటిపై మోపి దాటిరి. నడకకు సాయపడు కర్ర అచ్చట వంతెనయైనది.

పందొమ్మిదవ శతాబ్దమున పర్వతారోహణము ఒక వినోదముగా వృద్ధి పొందినది. 1857లో లండను నగరమున ఆల్పైన్ క్లబ్బు స్థాపింపబడినది. ఆ క్లబ్బు నియమించిన ప్రత్యేక సంఘము త్రాళ్ళను, గొడ్డళ్ళను, ఆల్పెన్‌స్టాకులను గూర్చి 1864లో ఒక నివేదికను వెలువరించినది. ఆ కాలమున మార్గదర్శకులు ఒక చేత పొడవాటి కర్రను, మంచులో మెట్లు కొట్టుకొనుటకు వేరుగా ఒక చిన్న గొడ్డలిని తీసికొనిపోవుచుండిరి. ఆ రెండును క్రమముగా ఏకమై మంచుగొడ్డలి పుట్టినది. నిటారైన మంచుగోడపై ఆరడుగుల కర్ర అడ్డమే గాని సాయము కాదు గదా! గొడ్డలి మంచుపనిని స్వీకరించగా, కర్ర యాత్రికుల చేతిలో మిగిలినది. వారు తాము చూచిన స్థలముల పేర్లను కర్రపై కాల్చి వ్రాయించుకొనెడివారు. అమెరికా రచయిత మార్క్ ట్వైన్ 1880లో ప్రకటించిన తన యాత్రాగ్రంథమున ఈ ముచ్చటను హాస్యముగా వర్ణించినాడు.

మన హిమాలయములలోను కర్రకు తనదైన చరిత్ర కలదు. నేపాలు దేశపు బరువుకూలీలు తోక్‌మా అను పొట్టికర్రను వాడుదురు. దాని పైభాగము అడ్డుకొయ్య వేసినట్లు వెడల్పుగా నుండును. అలసినప్పుడు వారు నిలుచుండియే, వీపుమీది గంపను ఆ కొయ్యపై ఆనించి ఊపిరి తీసికొందురు. గంపను క్రిందికి దించిన మరల ఎత్తుట కష్టము. అందులకే ఈ ఉపాయము. కేదారనాథము, అమరనాథము వంటి క్షేత్రములకు పోవు యాత్రికులు దారి మొదటనే ఇనుపమొన గల కర్రను సంపాదించుకొనుట పరిపాటి.

ఇక తేలికదనమునకు వత్తము. కొండకర్రకు తేలికదనము వచ్చినది మంచుపై జారు స్కీ క్రీడనుండి. ఆ క్రీడాకారులు తొలుత ఒకే పొడవుకర్రను, తరువాత రెండు కర్రలను వాడిరి. వెదురును, ఉక్కును వాడుచుండగా, 1958లో అమెరికాలోని ఐడహో రాష్ట్రమునకు చెందిన ఎడ్వర్డ్ స్కాట్ అల్యూమినియముతో తేలికైన కర్రను తయారుచేసెను. పర్వతారోహకులు ఈ జంటకర్రలను వేసవి నడకలకును తీసికొనిపోసాగిరి. కాని ఎక్కుటకు పొట్టిగాను, దిగుటకు పొడవుగాను ఉండు కర్ర కావలెను. ఆ కొరతను తీర్చుచు 1974లో జర్మనీ దేశపు లెకీ సంస్థ, దుర్భిణివలె ఒకదానిలోనికి ఒకటి జొచ్చు గొట్టములతో, మకాలు అను పేరుగల కర్రను వెలువరించినది. తరువాత కార్బన్ నారతో చేసిన కర్రలు వచ్చినవి. నేడు అల్యూమినియపు జత సుమారు అర కిలో తూగగా, కార్బన్ జత మూడు నాలుగు వందల గ్రాములకే దొరకును.

ఈ కర్రలవలన నిజముగా మేలు కలదా? ష్వామెడర్ మొదలగు పరిశోధకులు 1999లో ప్రకటించిన పరిశోధనలో, 25 డిగ్రీల వాలున దిగునప్పుడు రెండు కర్రలు వాడినచో మోకాలిపై పడు భారము 12 నుండి 25 శాతము వరకు తగ్గినదని తేలినది. అయితే ఒక్క మాట. కర్ర శ్రమను మాయము చేయదు. కాళ్ళ శ్రమలో కొంత చేతులకు పంచును. అందువలననే తేలికదనమునకు విలువ. దినమునకు వేలసార్లు ముందుకు చాపవలసిన కర్ర బరువైనచో, మోకాలికి మిగిలినది భుజమునకు ఖర్చగును.

కొనునప్పుడు మూడు సంగతులు చూడవలెను. మొదటిది పదార్థము. అల్యూమినియము బరువు కొంచెము ఎక్కువైనను, దెబ్బ తగిలిన వంగును. వంగినదానితో ఇల్లు చేరవచ్చును. కార్బన్ తేలిక, కాని రాళ్ళసందున ఇరుకుకొని ప్రక్కనుండి ఒత్తిడి పడినచో విరుగును. రాళ్ళదారికి మొదటిది, చదునైన దూరపు నడకకు రెండవది మేలు. రెండవది అతుకు. మెలిత్రిప్పి బిగించునవి, మీటతో బిగించునవి అని రెండు విధములు. ఏదైనను, బయలుదేరుటకు ముందు కర్రను నేలకానించి శరీరభారమును మెల్లగా మోపి చూడవలెను. జారినచో మరల బిగించవలెను. మూడవది మొన. మట్టిదారికి గట్టిలోహపు మొన తగును. రాతిమెట్లపై రబ్బరు తొడుగు వేసికొన్నచో జారదు, రాతిపై గీతలును పడవు.

వాడుకయు చెప్పెదను. చదునైన నేలపై నిలిచి కర్ర పట్టుకొన్నప్పుడు మోచేయి సమకోణముగా ఉండవలెను. ఎక్కునప్పుడు ఐదు పది సెంటీమీటర్లు తగ్గించి, దిగునప్పుడు అంతే పెంచవలెను. చేతిని పట్టీలోనికి క్రిందినుండి చొప్పించి, పట్టీతో కలిపి పిడిని పట్టుకొన్నచో, భారము మణికట్టుపై నిలుచును, వ్రేళ్ళు బిగియబట్టనక్కరలేదు. దిగునప్పుడు కర్రను పాదముకంటె ముందుగా మోపవలెను. ఆలస్యముగా మోపిన కర్ర మోకాలికి ఉపకరింపదు.

చివర నొక హెచ్చరిక. నిరంతరము కర్రలపై ఆధారపడినచో శరీరము తనంతట తాను తూకము నిలుపుకొను నేర్పును కోల్పోవునని అంతర్జాతీయ పర్వతారోహణ సమాఖ్య వైద్యసంఘము తెలిపియున్నది. కావున మోకాళ్ళు బాగున్నవారు సులభమైన దారిలో వాటిని ముడిచి సంచిలో పెట్టవలెను. బరువు మోయునప్పుడు, నిటారుగా దిగునప్పుడు, వాగు దాటునప్పుడు తీయవలెను. మోకాళ్ళ నొప్పులు గల పెద్దలు మాత్రము మొగమాటపడక మొదటినుండియే వాడవచ్చును. పక్కార్, బల్మాలు శిఖరమునుండి తిరిగి ఇల్లు చేరుటకు కర్రనే నమ్మిరి. కొండ యెక్కినవాడు క్షేమముగా దిగివచ్చిననే గదా యాత్ర పూర్తియైనట్లు!