పనిముట్ల వెలయు విలువయు

హైదరాబాదునుండి విజయవాడకు బోవు రాజమార్గమున, హయత్‌నగరము దాటిన పిమ్మట అబ్దుల్లాపూర్‌మెట్ గలదు. గోలకొండ సుల్తానుల కాలమున రాజధానినుండి మచిలీపట్టణపు రేవునకు సరకులు తూర్పుముఖముగనే పోయెడివి. నేడు లారీలు రాత్రింబవళ్లు ఆ దిక్కుననే పరుగిడుచున్నవి. పట్టణ మీవైపునకు ప్రాకుచుండుటచే ఇండ్లు లేచుచున్నవి. వడ్రంగులకు పని దొరకినది. పనిముట్ల యంగళ్లును పెరిగినవి.

అట్టి యొక యంగడిలో మేమొక యులిని గొంటిమి. అది యద్దమువలె మెఱయుచుండెను. టేకుకొయ్యపై నాలుగు దెబ్బలు పడునప్పటికి దాని యంచు మడతపడెను. మూడింతల వెలయిచ్చి మఱియొకటి తెచ్చితిమి. అది కొంత మేలుగ నుండెనే గాని మూడింతలు మేలు కాలేదు. చౌక మోసగించినది, ప్రియము రక్షింపలేదు. ఇక వెలను జూచి మంచిచెడ్డల నెట్లు నిర్ణయింతుము? మన పూర్వులీ చిక్కు నెట్లు విడదీసికొనిరో చరిత్రను గొంత పరికింతము.

ఉక్కు పరీక్షకు తెలంగాణము పుట్టినిల్లువంటిది. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున మట్టిమూసలలో నినుమునుంచి, మూతవేసి, బొగ్గులమంటలో దీర్ఘకాలము కరగించి, మెల్లగ చల్లార్చి ఉక్కుముద్దలు తీసెడివారు. భూగర్భశాస్త్రజ్ఞుడగు హెన్రీ వాయ్సీ ఆ పనిని స్వయముగ చూచి వ్రాసిన వృత్తాంతము, అతడు 1824లో మరణించిన పిమ్మట 1832లో బెంగాలు ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చుపడెను. పారసీక వర్తకులు ఇస్ఫహానునుండి యచటికి వచ్చి, ముద్ద సిద్ధమైన పిదప కొనిపోవుటతో తృప్తిపడక, ఇనుమును తూచుటనుండి కొలిమి పనివఱకు తామే యెదుట నుండి చూచుకొనెడివారు. పదునేడవ శతాబ్దమున ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, గోలకొండ రాజ్యపు ఉక్కుతోడనే పారసీకమున మేలైన కత్తులు తయారగుననియు, చిన్న రొట్టెయంత ముద్దను రెండుగ కోసి లోపలి గుణమును చూతురనియు వ్రాసెను. వేయి క్రోసుల దూరమునుండి వచ్చినవాడు కొలిమిచెంత కూర్చుండెను, ముద్దను కోసి చూచెను. అతడు వెలకంటె ముందు సరకు నెఱిగెను.

పల్లెలలోని సేద్యగాని కంత ధనమెక్కడిది? అతని కొఱకు కమ్మరి మఱియొక యుపాయము పన్నెను. గొడ్డలి యొడలు మెత్తని యినుము; అంచున మాత్రము ఉక్కుపట్టీని కాచి యతికి, నీట ముంచి పదునునకు తెచ్చును. తూకమున నినుమెక్కువ, విలువ యంతయు నంచుననున్న యుక్కుది. అంచరిగినయేడు మరల ఉక్కు పెట్టించుకొనుటయే గాని, క్రొత్త గొడ్డలి కొనవలసిన పనిలేదు. మంచి పనిముట్టు తక్కువ ఖర్చుతో సమకూర్చుకొనుట యనగా నిదియే: ధనమును అంచున పెట్టుట, ఒడలిని పలుమారు వాడుకొనుట.

అయినను ఆ పాతకాలమును స్వర్ణయుగమని పొగడుట మా యుద్దేశము కాదు. కమ్మరికి పంటవేళ ధాన్యము ముట్టెడిది. కాని నిజాము రాజ్యమున దేశముఖులు, అధికారులు వెట్టి పేర అతనిచే నాగటికఱ్ఱులు, కొడవళ్లు ఉచితముగ చేయించుకొనెడివారు. 1921లో పుట్టిన ఆంధ్రజనసంఘము ఈ వెట్టికి విరుద్ధముగ ప్రచారము సల్పెను. 1946లో మొదలైన సాయుధపోరాటమున దాని నిర్మూలనము ముఖ్యాశయములలో నొకటి. ఎక్కువ వెల ఈయకుండుట వివేకము. తగిన వెలయే యీయకుండుట దోపిడి. ఈ రెంటికిని గల భేదమును మఱచినవాడు పనిముట్టును గూర్చి మాటాడ తగడు.

1794లో బొంబాయినుండి పంపబడిన మన ఉక్కు ముక్కలను లండనులో పియర్సను శోధించి 1795లో రాయల్ సొసైటీకి నివేదించెను. పిమ్మట ఫారడే సయితము దానిని పరీక్షించెను. మన 'ఉక్కు' శబ్దమే వారి నోట 'వూట్జ్' అయినదందురు. కాని వారు శోధించుచుండగనే యంత్రశాలల చౌక యుక్కు ఓడలలో వచ్చి మన కొలుములను చల్లార్చినది. కొలిమితోపాటు ఉక్కును పరీక్షించు నలవాటును మనము పోగొట్టుకొంటిమి. ఆ రెండవ నష్టమే పెద్దది.

దానిని తిరిగి సంపాదించుట కష్టము కాదు. ఉలి కొనునపుడు క్రొత్త యాకురాయిని దాని యంచుపై మెల్లగ నడుపుడు: సులభముగ కొఱికినచో అంచు మెత్తనిది, కాటుపడక జాఱినచో గట్టిది. ఆకురాతితోనే నూఱవలసిన చేతిరంపమునకు మాత్రమీ పరీక్ష చెల్లదు. గొడ్డలిని వ్రేలాడదీసి తట్టి వినుడు: మ్రోత స్వచ్ఛముగ నున్నచో పగులు లేదని చాలవఱకు నమ్మవచ్చును. రంపమును కంటికెత్తి వంకర చూడుడు. రంగునకును పిడి సొగసునకును వెల చెల్లింపకుడు. పాత పనిముట్టు దొరకినచో త్రుప్పునకు వెఱవకుడు. త్రుప్పు పైది, గుణము లోనిది.

అన్నిటికంటె ముఖ్యమిది. నేటికిని బాటప్రక్కల కొలుములలో లారీల పాత కమానుపట్టీలను కాచి, మేలైన కత్తులును గొడ్డండ్లును చేయువారు కలరు. ఆ పట్టీ యుక్కు మంచిదే. చేసినవాడు మన కన్నుల యెదుటనే యున్నాడు. ఆ పారసీకునివలె ఒక గడియ యతనిచెంత కూర్చుండుడు. ఏ యుక్కు వేసితివని యడుగుడు, పదును పెట్టుట చూడుడు, పిదప బేరమాడక తగిన వెల నిండు. అట్టి పనిముట్టు చెడినపుడు బాగుచేయుటకు ఆ చేయి యచటనే యుండును. మనము కొనక త్రోసిపుచ్చినచో ఆ కొలిమియు చల్లారును. అటుపిమ్మట ఎంత వెలయిచ్చినను మనకు దొరకునది మెఱుగొక్కటియే.