కర్రసాము: రెండు భాషల ఉమ్మడి వారసత్వం

తెలుగువారు కర్రసాము అని పిలిచే విద్యకు దగ్గరి చుట్టాలు కన్నడనాట దొణ్ణెవరసె, తమిళనాట సిలంబం. సాము నేర్పే చోటును తెలుగులో గరిడీ అనీ, కన్నడంలో గరడిమనె అనీ అంటారు. చింతామణి తాలూకాలోని మురుగమల్ల వంటి రెండు భాషల ఊళ్లలో ఈ మాటల చుట్టరికం విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ విద్యకు ఆధారం అడుగు. ముందడుగు, వెనుకడుగు, మలుపు కుదిరిన పిమ్మటనే కర్ర తిప్పడం, దెబ్బ కాచుకోవడం, ఎదురుదెబ్బ నేర్పుతారు. జాతరలలో, పీర్ల పండుగ ఊరేగింపులలో ప్రదర్శించే సాము ఈ సాధనకు పైకి కనిపించే రూపం మాత్రమే.

వీరఘట్టంలో 1882లో జన్మించిన కోడి రామమూర్తి నాయుడు వ్యాయామ విద్యకు దేశవిదేశాలలో కీర్తి తెచ్చారు. మైసూరు దసరాలో జెట్టీల వజ్రముష్టి కాళగ నేటికీ విజయదశమినాటి సంప్రదాయం.

చైనావారి తాయిజిచువాన్‌ను 2020లో యునెస్కో మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అయితే జాబితా గుర్తింపునిస్తుందే గాని విద్యను నేర్పదు. వరుసలు ప్రధానంగా గురువు దేహంలోనే ఉంటాయి. శిష్యుడు లేని గురువుతోపాటు అవీ పోతాయి.

కనుక పెద్దల వరుసలను పేర్లతో సహా వ్రాసి, చిత్రీకరించి ఉంచడం అవసరం. అంతకంటె అవసరమైనది, సాయంత్రం ఒక గంట పిల్లలను, ఆడపిల్లలతో సహా, వారి ముందు నిలబెట్టడం.