ఖగోళ దత్తాంశ విశ్లేషణ: సాఫ్ట్‌వేర్ ఎంపిక

దూరదర్శినులు సేకరించిన చిత్రాలను, పట్టికలను కొలిచి విశ్లేషించే కంప్యూటర్ సాధనాల ఎంపిక.  

ఒకప్పుడు పరిశోధకులకు అమెరికాలో తయారైన ఐరాఫ్ సాఫ్ట్‌వేరే దిక్కు. లైసెన్సు కొనగలిగినవారికి ఐడీఎల్ భాష. ఇప్పుడు కొత్తవారు పైథాన్ భాష, దాని ఖగోళ లైబ్రరీ ఆస్ట్రోపైలతో మొదలుపెట్టడమే మేలు. రెండూ ఉచితం. ఖగోళ చిత్రాలను దాచే ఫిట్స్ ఫైలును, వాటిని చూపే డీఎస్9 ప్రోగ్రాంలో తెరిచి స్కేలును లీనియర్ నుంచి లాగ్‌కు మారిస్తే, ఖాళీగా కనిపించిన తెర మీద మసక నక్షత్రాలు బయటపడతాయి. ఎక్సెల్ షీటు 10,48,576 వరుసల దగ్గర ఆగిపోతుంది. గయా ఉపగ్రహపు నక్షత్ర పట్టికలకు అది చాలదు, పెద్ద పట్టికలను తెరిచే టాప్‌క్యాట్ కావాలి. 2015లో ఇస్రో పంపిన ఆస్ట్రోశాట్ ఎక్స్-కిరణ దత్తాంశానికి నాసా వారి హీసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ అవసరం. అది విండోస్‌లో నేరుగా నడవదు కాబట్టి ముందే లినక్స్ వేసుకోవడం మంచిది.