ఖలీనము – సున్నితపు నోటి గుఱ్ఱము

అమరకోశమున కళ్ళెమునకు కవిక, ఖలీనము అను పేర్లు గలవు. ఇందు ఖలీన శబ్దము గ్రీకు భాషయందలి ‘ఖలినోస్’ నుండి సంస్కృతమునకు వచ్చినదని భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయము. ఆ గ్రీకు పదము వలెనే మన కళ్ళెమను మాటయు నోటిలోని ఇనుమునకును, తలకట్టుతో గూడిన మొత్తమునకును చెల్లుచున్నది. అయితే మన నుడికారమున కళ్ళెము వేయుట యనగా అణచుటయే. గ్రీకు అశ్వశాస్త్రమున ఆ సాధనమునకు గల ప్రయోజనము ఇంతకంటె సూక్ష్మమైనదని ఇందు నిరూపింపదలచితిమి.

ఆథెన్సు వాసియగు జెనొఫన్ క్రీ.పూ. 401లో పారశీక రాజకుమారుడగు సైరస్ దండయాత్రలో పాల్గొన్నవాడు. క్రీ.పూ. 4వ శతాబ్దిలో అతడు రచించిన అశ్వారోహణ గ్రంథమున 12 అధ్యాయములు గలవు. పదవ అధ్యాయమున అతడు రౌతునకు కనీసము 2 కళ్ళెములు ఉండవలె ననెను. ఒకటి నునుపైనది, దాని బిళ్ళలు పెద్దవి. రెండవది గరుకైనది, దానికి వాడి ముండ్లుండును. గరుకుదానిని రుచి చూచిన గుఱ్ఱము దానిని పండ్లతో పట్టక విడుచును. పిమ్మట నునుపుదాని నిచ్చినచో సంతోషించి, మునుపు నేర్చినదే దానితోను చేయును. ఏ కళ్ళెమైనను కడ్డీవలె బిగిసియుండరాదు, గొలుసువలె వంగవలెను. ఒక కొనను పట్టినను తక్కినది జాఱుచుండుటచే గుఱ్ఱము దానిని దవడల నడుమ బిగింపజాలదు.

ఇచట నొక సందేహము కలుగవచ్చును. బాధ చూపి నేర్పుట అణచుట కాదా? జెనొఫన్‌ను కేవల దయామూర్తిగా వర్ణించుట తగదు. కాని తొమ్మిదవ అధ్యాయమును గూడ చూడవలెను. చుఱుకైన తేజీకి నునుపు కళ్ళెమే తగినదని అతని మతము. గరుకుదానిని వేయవలసి వచ్చినచో, చేతి మెత్తదనముచే దానిని నునుపుదానితో సమానము చేయవలెను. కావున ఇనుమును ఎన్నుకొనుట సగము పని మాత్రమే. మిగిలిన సగము చేతిది.

దీనికి దేహధర్మమే కారణము. గుఱ్ఱపు ముందుపండ్లకును దవడపండ్లకును నడుమ పండ్లు లేని తావు గలదు. కళ్ళెము అచటనే యుండును. అచట ఎముకపై పలుచని చిగురు మాత్రమే యుండుటచే కొలదిపాటి ఒత్తిడియు తెలియును. ఆనాటి గ్రీకులకు రికాబులు లేవు. తూలిన రౌతు పగ్గములపై వ్రేలాడుట సులభము. ఆ తప్పునకు శిక్ష గుఱ్ఱపు నోటికి. రౌతు నిలకడగా కూర్చుండని యెడల మెత్తని కళ్ళెమును కఠినమే యగును.

ఇట్లు చూడగా కళ్ళెము నిగ్రహసాధనము మాత్రమే కాక, చేతి సూచనను నోటికి అందించు సాధనముగను తోచుచున్నది. ప్రాచీన కావ్యములందలి అశ్వవర్ణనములకు వ్యాఖ్య వ్రాయు పరిశోధక విద్యార్థులు పర్యాయపదము నిచ్చుటతో తృప్తి నొందక, ఆ వస్తువు పనిచేయు తీరును గూడ విచారింపవలెనని మా విన్నపము. పదము యొక్క పుట్టుక నిఘంటువున దొరకును. దాని బరువు మాత్రము వస్తువును ఎఱిగిన గాని తెలియదు.